అడవి నీటికి పద్దు

గృహస్థుడు నెల మొదట ఆదాయము వ్రాసికొనును. నెల చివర ఖర్చు కూడుకొని మిగులు తగులు చూచుకొనును. వర్తకునకు చిట్టా ఆవర్జాలు లేనిదే దుకాణము సాగదు. బియ్యమునకు, బట్టకు, పిల్లల పుస్తకములకు లెక్క వ్రాయుదుము. కాని వీటన్నిటికంటె ముందు కావలసిన నీరు ఎక్కడ పుట్టుచున్నది, ఎంత పుట్టుచున్నది, ఏ నెలలో ఎంత తగ్గుచున్నది అని అడిగినచో చాలమందికి జవాబు తోచదు. కుళాయి త్రిప్పిన నీరు వచ్చును, త్రిప్పినను రానినాడు మాత్రమే దానిని తలచుకొందుము. అడవిలోని జలవనరులను ఎట్లు లెక్కించవలెను, అందుకు ముందుగా ఏమేమి ఆలోచించుకొనవలెను అను విషయమును మన పాఠశాల పిల్లల తల్లిదండ్రులకు తెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మన పర్లాకిమిడి పరిసరములనే తీసికొందము. తూర్పు కనుమలలో 1,501 మీటర్ల ఎత్తున నిలిచిన మహేంద్రగిరి మనకు దేవతాస్థానమే గాక నీటి కొట్టు కూడ. మహేంద్రతనయ అను పేరుగల యేరులు రెండును ఈ కొండలలోనే పుట్టినవి. ఒకటి మన పట్టణము ప్రక్కగా పోయి వంశధారలో కలియును. రెండవది బారువ వద్ద సముద్రమును చేరును. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణము ఈవలకు వచ్చినది. పాతపట్నము, టెక్కలి ప్రాంతములు ఆవల నిలిచినవి. ఆ గీత మనుష్యులకేగాని నీటికి లేదు. ఒడిశా అడవిలో పుట్టిన గెడ్డ శ్రీకాకుళము రైతు మడిని తడుపుచున్నది. అందుచేత కొండమీది నీటి లెక్క కొండవారికి మాత్రమే సంబంధించినది కాదు. పల్లమున నున్న మనకును, సరిహద్దుకు ఆవల నున్న మన బంధువులకును సంబంధించినదే.

పద్దులో లేనిది లేనట్లే

అడవి ప్రభుత్వమువారిది. అందులోని ఊటనీరు త్రాగువారు ప్రజలు. ఈ రెంటికి నడుమ కాగితము నిలిచియున్నది. 1927 నాటి భారత అటవీ చట్టము ప్రకారము ఒక భూమిని రిజర్వు అడవిగా చేయదలచినప్పుడు ప్రకటన చేసి, అందులో దారి, మేత, నీటికాలువ మున్నగు హక్కులున్నవారు మూడు నెలలకు తక్కువ కాని గడువులోపల తెలుపుకొనవలెనని కోరుదురు. తగిన కారణము లేక గడువులోపల చెప్పుకొనని హక్కు, విచారణలో అధికారి దృష్టికి రానిచో, సాధారణముగా రద్దగును. ఒడిశాలో 1972లో వచ్చిన ప్రత్యేక చట్టము కూడ ఈ మార్గములోనిదే. చదువురాని కొండజాతి కుటుంబము తరతరములుగా త్రాగుచున్న ఊటనుగూర్చి కచేరికి వచ్చి వ్రాయించుకొనగలదా? వ్రాయించుకొననివారి ఊట కాగితముపై లేకుండ పోయినది.

తరువాత 2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టము ఈ లోపమును కొంత సవరించినది. అడవిపై హక్కుగలవారికిని, వారి గ్రామసభకును తమ పరిసరములలోని నీటి వనరులను, వాటికి నీరు చేరు ప్రదేశములను కాపాడు అధికారమిచ్చినది. గ్రామసభ సిఫారసు చేసినచో మంచినీటి సరఫరాకు, నీటి గొట్టములకు, చిన్న కాలువలకు ఒక్కొక్క పనికి 1 హెక్టారుకు లోబడిన అటవీభూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి నరకకుండ ఇచ్చు ఏర్పాటు కూడ అందు కలదు. అయినను అధికారము గలదని చెప్పిన చాలదు. ఏ ఊట, ఎక్కడ, ఎందరికి ఆధారము అని చూపుటకు పద్దు ఉండవలెను.

దేశములోని చెరువులు, కుంటలు మొదలగువాటి మొదటి గణన ఫలితములు 2023లో ప్రకటింపబడినవి. 24,24,540 జలాశయములు లెక్కకు వచ్చినవి. ఇది గొప్ప పనియే. కాని నీరు నిలువగట్టునట్టివానినే ఆ గణనలో చేర్చిరి. గట్టులేక పారిపోవు నదులు, వాగులు, ఊటలు అందులో చేరలేదు. మైదానపు ఊరి చెరువునకు సంఖ్య లభించినది, కొండమీది పల్లె ఊటకు లభించలేదు. ఊటలకై వేరొక గణన చేయవలెనని కేంద్ర జలశక్తి శాఖవారు పిమ్మట నిశ్చయించుట సంతోషించదగిన విషయము.

అటవీ శాఖవారు తమ అడవులకు సాధారణముగా పది సంవత్సరములకొక కార్యప్రణాళిక వ్రాసికొందురు. 2014 నాటి జాతీయ నియమావళి ఈ ప్రణాళికలో నీటికిని స్థానమిచ్చినది. ఎన్నుకొన్న వాగులలో నీరు సంవత్సరమునకు ఎంతకాలము పారుచున్నది, అడవికి 5 కిలోమీటర్ల లోపల నున్న బావులలో నీటిమట్టమెంత అనునవి చూడవలెనని అందు కలదు. కాబట్టి ఊరివారు జాగ్రత్తగా వ్రాసి తెచ్చిన లెక్క ఈ ప్రణాళికకు కూడ పనికివచ్చును.

కొండ నీటిని దాచుకొను విధము

లెక్క వేయుటకు ముందు ఆ నీరు ఎక్కడినుండి వచ్చుచున్నదో తెలిసికొనవలెను. ఎండకాలములో మబ్బు లేని రోజున రాతిసందునుండి నీరు చిమ్ముట చూచి పిల్లలు ఆశ్చర్యపడుదురు. అది నిన్నటి నీరు కాదు, గడచిన వానకాలపు నీరు.

తూర్పు కనుమలలో ఖొండలైటు, చార్నొకైటు అను రాళ్లు విస్తారముగా నున్నవి. మొదటిదానికి ఆ పేరు ఖోండు జాతివారినిబట్టి వచ్చినది. ఈ రాయి వేలకొలది సంవత్సరములు ఎండకు వానకు నాని, పైభాగమున మెత్తబడి గుల్లబారును. వాననీరు ఆకు అలముల క్రింద ఇంకి, ఈ గుల్లపొరలో చేరి, మెల్లగా దిగును. అడుగున గట్టిరాయి తగిలినచోట ముందుకు పోలేక, వాలువెంట ప్రక్కకు నడచి, కొండ చరియలో ఎక్కడ సందు దొరికిన అక్కడ బయటపడును. కొన్నిచోట్ల రాతి పగుళ్లవెంట లోతుగా పోయి దూరమున పైకి వచ్చును. మొదటి తరగతి ఊటలు వానకు త్వరగా పొంగి త్వరగా తగ్గును. రెండవ తరగతివి సాధారణముగా నిదానించి పెరుగును, నిదానించి తగ్గును.

ఇందులో మరువరాని సంగతి యొకటి కలదు. ఊట ఏ వాలున బయటపడుచున్నదో ఆ వాలునుండియే దానికి నీరు వచ్చునని చెప్పజాలము. రాతిపొరలు వంగియున్న దిక్కునుబట్టి నీరు నడచును గనుక, శిఖరమునకు ఆవలివైపున ఇంకిన వాన ఈవలివైపున ఊటయై రావచ్చును. అట్టిచోట ఈవల ఎన్ని గోతులు త్రవ్వి కట్టలు కట్టినను ఊటకు చుక్క అధికము కాదు. ఆవల కొండను తవ్విపోసినచో మాత్రము ఈవలి ఊట ఎండును. ఊటను చూచుట ఒక పని, దాని తల్లివేరును వెదకుట వేరొక పని. ఈ రెండవ పనికి భూగర్భశాస్త్రము తెలిసినవారు కావలెను.

ముందు ప్రశ్న, పిమ్మట ప్రయాణము

జలవనరుల లెక్క అనగానే కాగితము కలము పట్టుకొని అడవికి బయలుదేరువారు కలరు. పది దినములు తిరిగి నూరు వివరములు వ్రాసికొని వత్తురు. తీరా చూడగా కావలసినది అందులో నుండదు. కాబట్టి మొదట ప్రశ్న నిశ్చయించుకొనవలెను. ఏ పల్లెకు త్రాగునీరు చాలుట లేదు అనునది ప్రశ్నయా? రోడ్డు వేయుటవలన ఏ ఊటకు నష్టము కలుగును అనునదియా? అడవి జంతువులకు వేసవిలో నీరెక్కడ అనునదియా? ప్రశ్ననుబట్టి చూడవలసిన చోట్లు, కొలవవలసిన నెలలు, వ్రాయవలసిన వివరములు మారును.

రెండవది, ఇతరులు ఇదివరకే వ్రాసియుంచినదానిని చదువుట. 1767లో స్థాపింపబడిన సర్వే ఆఫ్ ఇండియావారి పటములలో వాగులు, కొన్ని ఊటలు గుర్తింపబడియున్నవి. 1875లో ఏర్పడిన వాతావరణ శాఖవద్ద వానల లెక్కలున్నవి. కేంద్ర భూగర్భజల సంస్థవారు తాము ఎన్నుకొన్న బావుల నీటిమట్టమును సంవత్సరమునకు నాలుగుసార్లు చూచుచున్నారు. అటవీ శాఖవారి ప్రణాళికలు, గ్రామ పటములు ఉండనే యున్నవి. కచేరీలో రెండు దినములు చదివినచో అడవిలో పది దినముల నడక తగ్గును.

మూడవది, పనిని రెండు అంతస్తులుగా విభజించుట. మొదట ఆ ప్రాంతపు ఊటలు, చెలమలు, గెడ్డలు అన్నిటిని పైపైన చూచి ఒక్కొక్కదానికి ఒక పుట వ్రాయవలెను. పిమ్మట వానిలో ముఖ్యమైనవి, ప్రమాదములో నున్నవి కొన్ని ఏరుకొని లోతుగా పరిశోధించవలెను. అమెరికా అటవీ శాఖవారు 2012లో భూగర్భజలముపై ఆధారపడిన ఊటలు, తడినేలలను గూర్చి ప్రకటించిన చేతిపుస్తకములు కూడ ఇట్లే మొదటి స్థాయి, రెండవ స్థాయి అని రెండుగా నున్నవి. అన్నిటిని లోతుగా చూడబోయిన డబ్బు చాలదు, ఏదియు లోతుగా చూడనిచో నిర్ణయము చేయుటకు ఆధారము చాలదు.

ఒక్కొక్క ఊటకు వ్రాయు పుటలో ఏమేమి యుండవలెను? ఊట యున్న చోటు, సముద్రమట్టమునకు ఎత్తు, చూచిన తేదీ, నీటి పరిమాణము, ఏ రాతినుండి వచ్చుచున్నది, సంవత్సరమంతయు పారునా, ఎన్ని ఇండ్లవారు వాడుచున్నారు, పశువులు త్రాగునా, దిగువన మడులున్నవా, అక్కడ దేవత యున్నదా. చివరిదానిని చూచి నవ్వరాదు. పూజించు ఊటను ఊరివారు శుభ్రముగా కాపాడుదురు. అక్కడ వారి అనుమతి లేనిదే గొట్టము పెట్టరాదు, చెప్పులతో దిగరాదు.

మూడు భాషల ఊట

పుటలో మొదటి గడి పేరు. ఇదియే సులభమని తోచును గాని మనవంటి సీమలో ఇదియే కష్టము. మనము గెడ్డ అనుదానిని ఒడియావారు నాళ అందురు, మనము ఊట అనుదానిని ఝరణ అందురు. పైనున్న సవరలకు తమ భాషలో వేరు పేరు కలదు. ఒకే ఊట మూడు పేర్లతో మూడుసార్లు లెక్కకు రావచ్చును. రెండు ఊటలు ఒకే పేరుతో ఒకటిగా తగ్గిపోవచ్చును. అందుచేత పలికినవారి పలుకుబడిలోనే అన్ని పేర్లును వ్రాసికొనవలెను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాష నేర్చి దానికి వ్యాకరణ గ్రంథము వ్రాసిన సంగతి మనకు తెలిసినదే; అది 1931లో అచ్చయినది. కొండవారిని వారి మాటతోనే పలుకరింపవలెనను పాఠము మన ఊరిలోనే పుట్టినది.

మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో ఒడియా మాటలాడుచున్నారు. కొందరికి సవర స్నేహితులు కూడ కలరు. రెండు మూడు భాషలు వచ్చుట బరువని కొందరు తల్లిదండ్రులు మాతో అనుట కద్దు. నీటి లెక్కవంటి పనిలో అది బరువు కాదు, పనిముట్టు.

బొక్కెన, గడియారము

నీటిని కొలుచుట పెద్ద యంత్రములతో కూడిన పనియని భయపడనక్కరలేదు. చిన్న ఊటకు 20 లీటర్ల బొక్కెనయు, సెకనుల ముల్లుగల గడియారమును చాలును. ధారను ఒక చిన్న గొట్టములోనికి మళ్లించి బొక్కెన పట్టి, నిండుటకు ఎన్ని సెకనులు పట్టినదో చూడవలెను. మూడుసార్లు పట్టి సగటు తీయవలెను.

ఒక ఉదాహరణము లెక్కించి చూతము. అక్టోబరులో ఒక ఊటవద్ద బొక్కెన 40 సెకనులలో నిండినదనుకొనుడు. అనగా సెకనుకు అర లీటరు, దినమునకు 43,200 లీటర్లు. 2019లో ప్రారంభమైన జలజీవన పథకములో గ్రామమున మనిషికి దినమునకు 55 లీటర్లు అని నిర్ణయించిరి. ఆ లెక్కన ఈ ఊట 785 మందికి చాలును. అదే ఊటవద్ద మే నెలలో బొక్కెన నిండుటకు 4 నిమిషములు పట్టినచో దినమునకు 7,200 లీటర్లు మాత్రమే. అది 130 మందికి సరిపోవును. అక్టోబరులో చూచినవారు పెద్ద పల్లెకు గొట్టము వేయుదురు. మే నెలలో ఆ గొట్టము ఎండి, ఆడువారు మరల కుండలు ఎత్తుకొందురు. ఊట మోసము చేయలేదు, ఒక్కసారి చూచి నమ్మినవారే పొరబడిరి. అందుచేత వానలకు ముందు, వానల తరువాత తప్పక కొలవవలెను. నెలకొకసారి కొలిచిన మరియు మేలు. అట్లు కొన్ని సంవత్సరములు సాగినచో మంచి ఏడు, చెడ్డ ఏడు రెండును తెలియును.

ఈ లెక్కలోనే ఉపాయము కూడ కలదు. రాత్రి పది గంటలు ఎవరును నీరు పట్టుకొనరు. మే నెలలో కూడ ఆ పది గంటలలో 3,000 లీటర్లు వచ్చును. అంతపాటి తొట్టి కట్టించిన ఆ నీరు తెల్లవారునప్పటికి సిద్ధముగా నుండును. అయితే అంతయు మనమే పట్టుకొనరాదు. దిగువ గెడ్డకు, పశుపక్ష్యాదులకు కొంత వదలవలెను. అది వారి వాటా.

బొక్కెనలో పట్టని వాగునకు 90 డిగ్రీల కోణమున కోసిన రేకును అడ్డముగా నిలిపి, ఆ కోణములో నీటి ఎత్తును కొలుచుదురు. ఎత్తు 10 సెంటీమీటర్లయినచో సెకనుకు సుమారు 4.4 లీటర్లు పారుచున్నట్లు. 5 సెంటీమీటర్లయినచో సుమారు 0.8 లీటరు మాత్రమే. ఎత్తు సగమైనప్పుడు నీరు సగము కాలేదు, ఐదవ వంతుకంటె తక్కువైనది. కంటితో చూచి "సగమున్నది" అనువారి మాట ఎంత తప్పో దీనివలన తెలియును.

పరిమాణముతోపాటు గుణమును చూడవలెను. 2012 నాటి భారతీయ ప్రమాణము ప్రకారము త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండుట మంచిది. వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు ఓర్చుకొనవచ్చును. మలసంబంధమైన సూక్ష్మజీవి 100 మిల్లీలీటర్ల నీటిలో ఒకటియు కనబడరాదు. కొండనీరు కంటికి స్ఫటికమువలె నుండినను పైన పశువులు తిరుగుచున్నచో పరీక్ష లేక నమ్మరాదు.

లెక్కకు ఫలము

పద్దు వ్రాసి బీరువాలో పెట్టినచో ప్రయోజనము లేదు. సిక్కిమ్ రాష్ట్రమువారు 2008లో ధారా వికాస్ అను పథకము ప్రారంభించిరి. ఊటలను గుర్తించి, వాటి పట్టిక తయారుచేసి, వాటికి నీరు చేరు ప్రదేశములను శాస్త్రజ్ఞుల సాయముతో నిర్ణయించి, అక్కడ వాననీరు ఇంకునట్లు కందకములు త్రవ్వించిరి. హిమాలయ ప్రాంతములో ఇంచుమించు సగము ఊటలు ఎండిపోవుటయో తగ్గిపోవుటయో జరుగుచున్నదని నీతి ఆయోగ్ 2018లో వెలువరించిన నివేదిక తెలిపినది. మన కనుమలు హిమాలయములు కావు. రాయి వేరు, వాన వేరు. కాని వరుస ఒకటే. ముందు లెక్క, పిమ్మట పరిశోధన, ఆ పిమ్మట పని. ఈ వరుస తలక్రిందులై, ముందు సిమెంటు పని చేసి తరువాత నీరెక్కడ అని వెదకుట ధనవ్యయము మాత్రమే.

ఇక తల్లిదండ్రులుగా మనము చేయదగినదేమి? అటవీ శాఖవారి అనుమతియు, పల్లెవారి సమ్మతియు లేక అడవిలో కాలుపెట్టరాదు. పిల్లలను ఒంటరిగా పంపనే రాదు. కాని ఊరిలో చేయదగినవి కొన్ని కలవు. పాఠశాల ఆవరణములో వర్షమాపకముంచి ప్రతిదినము ఉదయము 8-30 గంటలకు చూచి వ్రాయవచ్చును. ఒక హెక్టారు నేలపై 10 మిల్లీమీటర్ల వాన కురిసిన 1,00,000 లీటర్ల నీరని పిల్లలకు అప్పుడు లెక్క అర్థమగును. ఇంటి బావిలో నెలకొకసారి తాడు దింపి మట్టము కొలిచి గోడమీద కాక పుస్తకములో వ్రాయవచ్చును. అన్నిటికంటె ముఖ్యము, ఇంట నున్న తాతలను, అవ్వలను అడుగుట. ఏ గెడ్డ వేసవిలో కూడ పారెడిది, ఏ చెలమ ఏ కరవులో ఎండినది, ఏ ఊట మీద రాళ్లు పోసిరి అను సంగతులు ఏ కచేరీలోను లేవు. వారితో పోకముందే పేరు, చోటు, కాలము వ్రాసికొనవలెను.

అట్లు వ్రాసిన పుస్తకములను వచ్చు వేసవి సెలవుల తరువాత పిల్లలచేత పాఠశాలకు పంపవలసినదిగా తల్లిదండ్రులను కోరుచున్నాము. తెలుగులో వ్రాసినదానిని ఒడియాలోనికి మార్చి, పంచాయతీవారికిని అటవీ శాఖవారికిని అందజేయు పనిని మా ఉపాధ్యాయులు చేయుదురు. ఈ లెక్క వలన ఒక్క పల్లెవారి ఊట పద్దులోనికి ఎక్కినను ఆ శ్రమ వ్యర్థము కాదు.